ఆంకాలజీ సీటుకు ఇంత గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది?

సంక్షిప్తంగా: యువ డాక్టర్లు క్యాన్సర్ వైద్యం వైపు మొగ్గడానికి ఒక్క కారణం చెప్పి ఊరుకోలేం. ఆంకాలజీలోని మూడు బ్రాంచులకు దారులు వేరు, అందులోకి వచ్చేవారి కారణాలూ వేరు. ర్యాంకు, కొత్త మందులు, వాటి ధరలు దిగిరావడం, ఆరోగ్యశ్రీ, కార్పొరేట్ ఆసుపత్రుల విస్తరణ కలిసి ఈ గిరాకీని పెంచాయి. చదువు పూర్తయ్యాక ఎక్కడ స్థిరపడాలన్నది మాత్రం యంత్రాలు, ల్యాబులు ఎక్కడున్నాయన్నదే తేలుస్తోంది. హైదరాబాద్‌లో రద్దీ, జిల్లాల్లో ఖాళీ అందువల్లే.

పీజీ తర్వాతి పై కోర్సులకు ప్రవేశ పరీక్ష అయిన నీట్ సూపర్ స్పెషాలిటీ కౌన్సెలింగ్ దగ్గరపడితే హైదరాబాద్‌లోని పీజీ హాస్టళ్లలో ఒకటే చర్చ. ఏ బ్రాంచ్ పెట్టాలి, ఏది ముందు పెట్టాలి? జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసినవారి ఆప్షన్లలో కార్డియాలజీ, గ్యాస్ట్రోఎంటరాలజీ, న్యూరాలజీల సరసన ఇప్పుడు మెడికల్ ఆంకాలజీ కూడా ఉంటోంది. ఒక తరం కిందట ఈ మాట ఇంట్లో చెబితే ముందు అమ్మానాన్నలే అడ్డం పడేవారు. “రోజూ చావులు చూడ్డానికా ఇంత చదువు?” అన్న ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఎందుకు ఎంచుకున్నారని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: సేవ చేయాలని. అది అబద్ధం కానక్కర్లేదు, కానీ దానివల్ల తేలేదీ ఏమీ లేదు. సేవ చేయాలనుకుంటే పిల్లల వైద్యం ఉంది, కాన్పుల వార్డు ఉంది, ఎమర్జెన్సీ ఉంది. క్యాన్సరే ఎందుకన్నది తెలియాలంటే ఆ డాక్టర్ ఏ పరీక్ష రాసి, ఏ దారిలో అక్కడికి వచ్చాడో ముందు చూడాలి.

మూడు దారులు, మూడు రకాల మనుషులు

క్యాన్సర్ డాక్టర్ అని జనం ఒకే మాటలో అనేస్తారు గానీ ఆసుపత్రిలో ప్రధానంగా ముగ్గురు ఉంటారు. గడ్డను కోసి తీసే సర్జికల్ ఆంకాలజిస్ట్, కీమో, ఇతర మందులు ఇచ్చే మెడికల్ ఆంకాలజిస్ట్, రోగులు “కరెంటు పెట్టించుకోవడం” అనే రేడియేషన్ ఇచ్చే రేడియేషన్ ఆంకాలజిస్ట్. ఈ ముగ్గురూ అక్కడికి వచ్చిన దారులు వేరు.

రేడియేషన్ ఆంకాలజీ ఎంబీబీఎస్ అయ్యాక నేరుగా చేసే మూడేళ్ల ఎండీ. నీట్ పీజీ ర్యాంకుతో సీటు వస్తుంది. కౌన్సెలింగ్‌లో రేడియో డయాగ్నసిస్, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ సీట్లు ముందు ఎగిరిపోతాయి. పాతపేరు రేడియోథెరపీగా ఉన్న రోజుల నుంచీ ఈ బ్రాంచ్ జాబితాలో కింద ఉండటం మామూలే. కాబట్టి ఇందులో చేరిన వారందరినీ “క్యాన్సర్‌పై ఆసక్తితో వచ్చినవారు” అనుకుంటే పొరపాటు. కొందరు ఎంచుకుంటారు, కొందరికి ఆ ర్యాంకుకు దొరికిన క్లినికల్ సీటు అదే.

మెడికల్, సర్జికల్ ఆంకాలజీల సంగతి వేరు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, ఆపై ఎండీ లేదా ఎంఎస్ మూడేళ్లు, ఆ తర్వాత డీఎం లేదా ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఇంకో మూడేళ్లు. ఎక్కడా ఆగకుండా సాగినా పదకొండున్నరేళ్లు. రెండు ప్రవేశ పరీక్షల కోచింగ్‌లు, మధ్యలో పీజీ అయ్యాక ఆసుపత్రిలో చేసే సీనియర్ రెసిడెన్సీ, ఒకటి రెండు ప్రయత్నాలు కలిపితే చేతికి డిగ్రీ వచ్చేసరికి ముప్పై దాటిపోతాయి. ఈ దారిలో వచ్చేవారు రోగుల మధ్య ఏళ్లు గడిపి, ఇతర బ్రాంచులు దగ్గరగా చూసి, ఆ తర్వాత నిర్ణయించుకున్నవారు. మెడికల్ ఆంకాలజీకి జనరల్ మెడిసిన్‌తో పాటు పిల్లల వైద్యం, రేడియేషన్ ఆంకాలజీ చదివినవారూ వెళ్లవచ్చు. ర్యాంకు వల్ల రేడియేషన్‌లో చేరినవారు తర్వాత డీఎం వైపు మళ్లడం ఈ వీలుతోనే జరుగుతుంది.

ఎంబీబీఎస్‌లో మాత్రం ఆంకాలజీ అనే సబ్జెక్టు విడిగా లేదు. పాథాలజీలో కొంత, సర్జరీలో కొంత, గైనకాలజీలో కొంత చదువుతారు. విద్యార్థి సర్జరీ వార్డులో క్యాన్సర్ రోగిని చూసేసరికి వ్యాధి సాధారణంగా మూడు, నాలుగు దశల్లో ఉంటుంది. మన దేశంలో ఆలస్యంగా రావడమే ఎక్కువ మరి. దాంతో “వీళ్లకు చేయగలిగింది పెద్దగా లేదు” అన్న ముద్ర పడిపోతుంది. ఉస్మానియా, గాంధీ వంటి పాత కాలేజీల విద్యార్థులకు క్యాన్సర్ వైద్యం చేసే ఎంఎన్‌జే, నిమ్స్ ఆసుపత్రులు నగరంలోనే ఉన్నాయి కాబట్టి ఈ ముద్ర చెరిగే అవకాశం ఎక్కువ. జిల్లాకొకటి చొప్పున ఈ మధ్య వచ్చిన ప్రభుత్వ కాలేజీల్లో చదివేవారికి అదీ తక్కువే.

మందులు మార్చిన లెక్క

ఆంకాలజీ ఆకర్షణ పెరగడానికి అన్నిటికంటే బలమైన కారణం మందులు. ఈ కథ తెలుగువాళ్లకు సంబంధం లేనిదేమీ కాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఉండగా ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఆ కుటుంబంలోనిదే అయిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడకంలో ఉంది. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు.

అక్కడి నుంచి దాదాపు అయిదు దశాబ్దాల పాటు కీమోథెరపీ అంటే ప్రధానంగా వేగంగా పెరిగే కణాలన్నిటినీ చంపే మందులే. గడ్డతో పాటు జుట్టు, నోటి లోపలి పొర, తెల్లరక్తకణాలు అన్నీ దెబ్బతినేవి. 1998లో రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్, 2001లో ఒక రకం దీర్ఘకాలిక రక్తక్యాన్సర్‌కు ఇమాటినిబ్ అమెరికాలో అనుమతి పొందడంతో పరిస్థితి మారింది. ఇమాటినిబ్ రోజూ వేసుకునే మాత్ర. కొన్నేళ్లలో ప్రాణం తీసే జబ్బు చాలామందికి బీపీ, షుగర్‌లా మందులతో అదుపులో ఉంచుకునే జబ్బయింది. 2011 నుంచి రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు వచ్చాయి. వాటికి బాట వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టీ కణ చికిత్సకు (రోగి రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే పద్ధతి) మన దేశంలో 2023లో అనుమతి వచ్చింది.

చదువుకునే డాక్టర్‌కు దీని అర్థం ఏమిటంటే, తను పీజీలో నేర్చిన చికిత్స ప్రాక్టీసు మొదలుపెట్టేసరికి పాతబడిపోవచ్చు. కొందరిని ఇది భయపెడుతుంది. చదువంటే ఇష్టం ఉన్నవారిని లాగేది కూడా ఇదే. ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలగానే మందు రాయరు. ముందు గడ్డ ముక్కను జన్యు పరీక్షకు పంపుతారు, ఏ మార్పు ఉందో చూసి మందు ఎంచుతారు. ఒకే వార్డులో, ఒకే పేరున్న జబ్బుతో పడుకున్న ఇద్దరికి రెండు వేర్వేరు మందులు నడుస్తుంటాయి. డయాగ్నసిస్‌లో బుర్ర పెట్టే పని కోరుకునే జనరల్ మెడిసిన్ విద్యార్థికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే మందు పుట్టినంత మాత్రాన మన వార్డులోకి రాదు. ఇక్కడే హైదరాబాద్ పాత్ర ఉంది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సోరాఫెనిబ్ నెల కోర్సు బేయర్ కంపెనీ బ్రాండులో సుమారు 2.8 లక్షల రూపాయలు ఉండేది. 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా మందు తయారుచేసే అనుమతి) ఇస్తూ పేటెంట్ కార్యాలయం నెల ధర 8,880 రూపాయలు దాటకూడదని షరతు పెట్టింది. ఇమాటినిబ్ జనరిక్‌ను నాట్కో అంతకుముందే తెచ్చింది. ఆ మందు పేటెంట్ కోసం నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. రక్తక్యాన్సర్లలో వాడే రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, డాక్టర్ రెడ్డీస్ 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది.

ఈ ధరలకూ డాక్టర్ కెరీర్‌కూ లంకె లేదనిపించవచ్చు. కానీ రాసిన మందు రోగి కొనలేకపోతే ఆ డాక్టర్ చేతిలో ఉన్న జ్ఞానం ప్రిస్క్రిప్షన్ కాగితం మీదే ఆగిపోతుంది. లక్షల్లో ఉన్న నెల మందు వేలల్లోకి రావడంతో ఆంకాలజిస్ట్ పని చేయదగ్గ పనిగా మారింది. కొత్త ఇమ్యునోథెరపీ మందుల విషయంలో ఆ మార్పు ఇంకా పూర్తిగా రాలేదు. ఒక్క డోసే లక్ష దాటే మందులున్నాయి. యువ డాక్టర్ల నిరాశలో పెద్దభాగం అక్కడే ఉంది.

హైదరాబాదే ఎందుకు?

లక్డీకాపూల్ దిగి రెడ్‌హిల్స్ వైపు నడిస్తే నీలోఫర్ పక్కన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. 1955లో మొదలైంది. దీనికి పేరునిచ్చిన మెహదీ నవాజ్ జంగ్ తర్వాతి కాలంలో గుజరాత్ తొలి గవర్నర్ అయ్యారు. తెలంగాణ జిల్లాల నుంచే కాక చుట్టుపక్కల రాష్ట్రాల నుంచీ ఉచిత వైద్యం కోసం ఇక్కడికి వస్తారు. ప్లాస్టిక్ కవర్లో బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకుని పొద్దున్నే వరుసలో నిలబడ్డ కుటుంబాలు అక్కడ రోజూ ఉండే దృశ్యం. పీజీ విద్యార్థి కోణంలో చూస్తే, పుస్తకంలో “అరుదు” అని రాసిన కేసు ఇలాంటి ఓపీలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. చేయి తిరగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

బంజారాహిల్స్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి పుట్టుకే ఒక ఇంటి విషాదం. ఎన్.టి. రామారావు భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తో మరణించారు. ఆమె పేరిట తలపెట్టిన ఆసుపత్రిని 2000 జూన్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్, సర్జికల్, రేడియేషన్ మూడు విభాగాలూ ఉన్నాయి. వీటికి తోడు జూబ్లీహిల్స్ నుంచి నల్లగండ్ల దాకా కార్పొరేట్ ఆసుపత్రుల వరుస. శిక్షణ పొందిన ఊళ్లోనే ఉద్యోగం దొరికే వీలు దేశంలో చాలా కొద్ది నగరాల్లో ఉంది, వాటిలో ఇదొకటి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది తెలియకపోతే ఈ వరుస ఎందుకు పెరిగిందో అర్థం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ సర్జరీ, కీమో, రేడియేషన్లకు ప్యాకేజీలు నిర్ణయించింది. అప్పటిదాకా ఎకరం అమ్మితేగానీ చికిత్స మొదలయ్యేది కాదు, లేదా మొదలయ్యేదే కాదు. పథకం వచ్చాక ఆ రోగులే ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కగలిగారు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పథకం పరిమితిని కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్యాకేజీ రేట్లు చాలవని, బకాయిలు ఆలస్యమవుతాయని ఆసుపత్రులు తరచూ గొడవ పడతాయి. అయినా ఒక్కో రోగి నుంచి వచ్చేది తక్కువైనా రోగుల సంఖ్య నిలకడగా ఉంటుంది కాబట్టి రేడియేషన్ ఇచ్చే లినాక్ వంటి ఖరీదైన యంత్రం పెట్టడానికి ఆసుపత్రులు ధైర్యం చేస్తాయి. యంత్రం వచ్చిందంటే దాన్ని నడిపే డాక్టర్ కావాలి. గిరాకీ అలా పుడుతుంది.

రోగులు పెరుగుతున్నది కూడా నిజమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 14 లక్షలకు పైగా కొత్త కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు నమోదయ్యాయి. జీవితకాలంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి క్యాన్సర్ రావచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్క. ఆయుర్దాయం పెరగడం, పొగాకు, ఊబకాయం, ఆలస్యపు కాన్పులు ఇలా కారణాలు చాలా. హైదరాబాద్ రొమ్ము క్యాన్సర్ రేటులో దేశంలోని నగరాల ముందు వరుసలో ఉంది.

రాత్రి ఫోన్లు, నెల జీతం

పైకి ఎవరూ గట్టిగా చెప్పని కారణాలూ ఉన్నాయి. వాటిలో మొదటిది నిద్ర.

గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చిన మనిషికి తొంభై నిమిషాల్లో స్టెంట్ వేయాలి. కార్డియాలజిస్ట్ అర్ధరాత్రి రెండింటికి లేచి క్యాథ్‌ల్యాబ్‌కు పరుగెత్తాలి. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి అయిదు రోజులు, పగటిపూట. తల, మెడ క్యాన్సర్ రోగికి ముప్పై నుంచి ముప్పై అయిదు సిట్టింగులు ముందే క్యాలెండర్లో రాసుకుంటారు. అసలు పని అంతకుముందే జరుగుతుంది. రోగి ముఖానికి సరిపోయే ప్లాస్టిక్ మాస్కు తయారుచేసి, సీటీ తీసి, కంప్యూటర్ తెర మీద ఒక్కో ముక్కచిత్రంలో గడ్డ అంచు గీసి, పక్కన లాలాజల గ్రంథి, వెన్నుపాము ఎక్కడున్నాయో గుర్తించి, ఎంత మోతాదు ఎక్కడ పడాలో మెడికల్ ఫిజిసిస్ట్‌తో కూర్చుని లెక్క తేల్చాలి. మిల్లీమీటరు తేడాకు ఇక్కడ విలువ ఉంది. కంప్యూటర్, గణితం ఇష్టపడేవారికి, ఇంటి బాధ్యతలతో పాటు ప్రాక్టీసు చేయాలనుకునేవారికి ఈ పని తీరు నప్పుతుంది. ర్యాంకు పుణ్యమా అని చేరినవారికి ఇష్టం తర్వాత పుట్టడంలో వింతేమీ లేదు.

మెడికల్ ఆంకాలజిస్ట్‌కు అంత హాయి ఉండదు. కీమో ఎక్కించిన వారం, పది రోజులకు రక్తకణాల కౌంట్లు పడిపోయి జ్వరంతో వచ్చిన రోగికి గంటలోపే యాంటీబయోటిక్ పడాలి. అది ఆదివారం రాత్రయినా సరే. సర్జికల్ ఆంకాలజీలో ఒక్కో ఆపరేషన్ ఎనిమిది, పది గంటలు సాగేవీ ఉన్నాయి. అయినా ఎమర్జెన్సీతో పోలిస్తే ఒక తేడా ఉంది. ఇక్కడ మరణం చాలాసార్లు చెప్పి వస్తుంది. బంధువులకు ముందే తెలుస్తుంది, మాట్లాడుకోవడానికి సమయం ఉంటుంది. ఆసుపత్రుల్లో డాక్టర్లపై దాడులు ఊహించని మరణం జరిగినచోటే ఎక్కువ. బ్రాంచ్ ఎంచుకునేటప్పుడు యువ డాక్టర్ల లెక్కల్లో ఇప్పుడిది కూడా ఉంటోంది.

ఇక డబ్బు. కార్పొరేట్ ఆసుపత్రిలో చేరే కన్సల్టెంట్‌కు సాధారణంగా తొలి ఒకటి రెండేళ్లు ఎంజీ, అంటే మినిమమ్ గ్యారంటీ ఇస్తారు. ఆ తర్వాత తను తెచ్చే ఆదాయంలో వాటా. కార్డియాలజిస్ట్‌కు స్టెంట్లు, గ్యాస్ట్రో డాక్టర్‌కు ఎండోస్కోపీలు ఉన్నట్టు మెడికల్ ఆంకాలజిస్ట్‌కు చేతితో చేసే పెద్ద ప్రొసీజర్ లేదు. ఆయన విభాగం ఆదాయం ప్రధానంగా డేకేర్‌లో (రోగిని చేర్చుకోకుండా పగటిపూటే) ఎక్కించే మందుల మీద ఆధారపడి ఉంటుంది. ఇబ్బందికరమైన విషయం ఇదే. ఖరీదైన మందు రాస్తే ఆసుపత్రికి లాభం ఎక్కువ, కాబట్టి ఒత్తిడికి చోటుంటుంది. జాతీయ ఔషధ ధరల సంస్థ 2019 ఫిబ్రవరిలో 42 క్యాన్సర్ మందులపై వ్యాపార లాభాన్ని 30 శాతానికి పరిమితం చేయడానికి నేపథ్యం కూడా మందు అసలు ధరకూ, ఎంఆర్‌పీకీ మధ్య ఉన్న ఈ భారీ తేడాయే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ టెన్షన్ లేదు, అక్కడ మందు స్టాకులో ఉందా లేదా అన్నదే టెన్షన్.

ఏళ్ల తరబడి ఒకే రోగి

పని గంటలు, ఆదాయం అన్నీ తూచినా కొందరి విషయంలో లెక్క మొగ్గేది ఇంకో వైపు. ఆంకాలజిస్ట్ రోగిని ఒక్కసారి చూసి పంపడు. ఆరు నుంచి ఎనిమిది సైకిళ్ల (విడతల) కీమో, మధ్యలో సర్జరీ, తర్వాత రేడియేషన్, ఆపై మూడు నెలలకోసారి చెకప్, అలా అయిదేళ్లు. హార్మోన్ మాత్రలు వాడే రొమ్ము క్యాన్సర్ రోగికైతే పదేళ్లు కూడా. కూతురి పెళ్లి శుభలేఖ పట్టుకుని ఓపీకి వచ్చే రోగులు సర్జరీ వార్డుల్లో కంటే ఇక్కడే ఎక్కువ. జనరల్ ప్రాక్టీసు తగ్గిపోయిన కాలంలో కుటుంబ డాక్టర్‌కు దగ్గరగా వచ్చే స్పెషలిస్ట్ ఎవరని చూస్తే ఆంకాలజిస్టే కనబడతాడు.

ఆ బంధంలో కష్టమైన మెలిక కూడా ఉంది. రోగి కంటే ముందు కొడుకో, అల్లుడో లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేస్తాడు. “నాన్నగారికి చెప్పకండి సార్. గడ్డ అని మాత్రం చెప్పండి. తెలిస్తే తట్టుకోలేరు.” బయట బోర్డు మీద ఆసుపత్రి పేరులోనే క్యాన్సర్ అని రాసి ఉంటుంది, నాన్నగారు దాని కిందే కూర్చుని ఉంటారు. ఇలాంటి చోట ఏం మాట్లాడాలో పాత ఎంబీబీఎస్ నేర్పలేదు. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ప్రవర్తన, నైతికత, సంభాషణలపై ప్రత్యేక శిక్షణ చేర్చారు, దుర్వార్త ఎలా చెప్పాలన్నది అందులో భాగం. క్లాసులో నేర్చింది రద్దీ ఓపీలో ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి. ఒక్కో రోగికి పట్టుమని పది నిమిషాలు దొరకనిచోట నిదానంగా చెప్పే వీలెక్కడ?

సొంత ఇంట్లో క్యాన్సర్ చూసి ఈ వైపు వచ్చినవారూ ఉన్నారు. హైదరాబాద్‌లో అందరికీ తెలిసిన ఉదాహరణ రొమ్ము వ్యాధుల సర్జన్, పద్మశ్రీ గ్రహీత పి. రఘురామ్. ఆయన తల్లి ఉషాలక్ష్మికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. బ్రిటన్ నుంచి తిరిగొచ్చి 2007లో ఆమె పేరిటే ఫౌండేషన్ పెట్టారు. ఇంట్లో విషాదం ఒక మనిషిని ఎటు నడిపిస్తుందో చెప్పడానికి ఇది సరిపోతుంది. ఒక తరం డాక్టర్ల నిర్ణయాన్ని వివరించడానికి మాత్రం సరిపోదు.

వెనకడుగు వేసేవారు

ఆసక్తి ఉండీ వద్దనుకునేవారు తక్కువేమీ కాదు. వాళ్ల వాదన బలంగానే ఉంటుంది. ఎంత చదివినా రోగి నాలుగో దశలో వస్తే చేయగలిగింది తక్కువ. ముందే వచ్చి ఉంటే నయమయ్యేదని తెలిసి చికిత్స చేయడం మామూలు నిస్పృహ కాదు. గుట్కా నమిలి నోరు తెరుచుకోని స్థితిలో, ఊళ్లో ఆకుపసరు వాడి ఆరు నెలలు పోగొట్టుకున్న తర్వాత వచ్చే రోగులు సర్జికల్ ఆంకాలజీ ఓపీకి కొత్త కాదు.

రెండోది నొప్పి. నయం చేయడం మీదే గురి ఉన్న శిక్షణలో, నయం కాని రోగికి ఏం చేయాలన్న భాగం పలచన. ఎంఎన్‌జేలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం ఉండటం ఇక్కడ శిక్షణ పొందేవారికి కలిసొచ్చే విషయం. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ అక్కడ మామూలు మందు. మాదకద్రవ్యాల చట్టం భయంతో దేశంలో చాలా ఆసుపత్రులు ఏళ్ల తరబడి మార్ఫిన్ జోలికే వెళ్లలేదు. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సులభం చేశారు. నొప్పి తగ్గించడం తెలిసిన డాక్టర్ ఈ వృత్తిలో అలసిపోకుండా ఎక్కువ కాలం నిలబడగలడు, ఎందుకంటే ప్రతి రోగికీ ఇవ్వడానికి అతని దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

ఇక బ్రాంచుల మధ్య సరిహద్దు గొడవ ఒకటి. బ్రిటన్‌లో క్లినికల్ ఆంకాలజిస్ట్ రేడియేషన్‌తో పాటు గడ్డల క్యాన్సర్లకు కీమో కూడా ఇస్తాడు. మన దగ్గరా పాతతరం రేడియోథెరపిస్టులు రెండూ చేశారు. 1984లో చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో డీఎం, ఎంసీహెచ్ కోర్సులు మొదలయ్యాక పని మెల్లమెల్లగా విడిపోయింది. పెద్ద నగరంలో ఈ విభజన మేలు చేసింది. ముగ్గురూ కూర్చుని ఒక్కో కేసు చర్చించే ట్యూమర్ బోర్డు దీనివల్లే అర్థవంతమైంది. చిన్న ఊళ్లో మాత్రం ముగ్గురు కావాల్సిన చోట ఒక్కరూ దొరకరు. పైగా మూడేళ్ల ఎండీతో ఆగిన రేడియేషన్ ఆంకాలజిస్ట్‌కు కార్పొరేట్‌లో కీమో రాసే వీలు తగ్గిపోతుంటే, అతనూ డీఎం వైపో యంత్రం ఉన్న నగరం వైపో చూస్తాడు.

జిల్లాకు డాక్టర్ వెళ్లాలంటే

సీట్లు పెంచితే డాక్టర్లు జిల్లాలకు వెళ్తారన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఆంకాలజీలో అది అంత తేలిగ్గా పనిచేయదు. పిల్లల డాక్టర్ స్టెతస్కోపుతో సిద్దిపేటలోనో, నల్గొండలోనో క్లినిక్ తెరవగలడు. రేడియేషన్ ఆంకాలజిస్ట్‌కు కోట్ల రూపాయల లినాక్, మందపాటి కాంక్రీటు గోడల బంకర్, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, మెడికల్ ఫిజిసిస్ట్ లేకుండా పని లేదు. సర్జికల్ ఆంకాలజిస్ట్‌కు ఐసీయూ, బ్లడ్ బ్యాంకు, ఆపరేషన్ మధ్యలోనే ముక్క చూసి చెప్పే పాథాలజిస్ట్ కావాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా నేర్చుకున్న పని చేతిలోనే ఉండిపోతుంది. జీతం పెంచినంత మాత్రాన ఆ లోటు తీరదు.

పోలిక కోసం అస్సాం చూడవచ్చు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి జిల్లా స్థాయిదాకా క్యాన్సర్ ఆసుపత్రుల గొలుసు కట్టడం మొదలుపెట్టాయి. 2022 ఏప్రిల్‌లో ఒకేసారి ఏడు ఆసుపత్రులు ప్రారంభమయ్యాయి. ముందు భవనం, యంత్రం, ల్యాబు, తర్వాత డాక్టర్ అన్నది అక్కడి క్రమం. కేరళ ఇంకో దారి పట్టింది. ఆంకాలజిస్ట్ రాసిన ప్రణాళిక ప్రకారం మిగతా సైకిళ్ల కీమోను జిల్లా ఆసుపత్రిలో శిక్షణ పొందిన డాక్టర్, నర్సులే ఇస్తారు. రోగి తిరువనంతపురానికి మాటిమాటికీ పోనక్కర్లేదు. ఖర్చు పరంగా రెండోది తేలిక, అమలుకు పట్టే సమయమూ తక్కువ. తెలంగాణ వంటి, రాజధాని చుట్టూ వైద్యమంతా పోగుపడ్డ రాష్ట్రానికి ముందు సరిపోయేది ఇదే అనిపిస్తుంది.

కేంద్రం కూడా ఇటే మొగ్గింది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, వాటిలో 200 కేంద్రాలు 2025-26లోనే వస్తాయని ఆ ఏడాది బడ్జెట్‌లో ప్రకటించింది. ఈ కేంద్రాల్లో లినాక్ ఉండదు, కీమో పడకలుంటాయి. వాటిని నడపడానికి పూర్తికాలం మెడికల్ ఆంకాలజిస్ట్ దొరకడం కష్టం. అందుకే ఎంఎన్‌జే వంటి కేంద్రం నుంచి వారానికో రోజు వచ్చి వెళ్లే యువ డాక్టర్, మిగతా రోజుల్లో ఫోన్‌లో అందుబాటులో ఉండే టీమ్ అన్న పద్ధతే ఆచరణలో నిలిచేలా ఉంది. అలా వెళ్లొచ్చే డ్యూటీని సీనియర్ రెసిడెన్సీ అనుభవంగా లెక్కిస్తారా, ప్రయాణం, బస ఎవరు భరిస్తారు, జిల్లాలో మందు కలిపే సేఫ్టీ క్యాబినెట్, శిక్షణ ఉన్న ఇద్దరు నర్సులు ఉంటారా, కీమో వేసిన పదో రోజు జ్వరంతో వచ్చిన రోగిని రాత్రిపూట చేర్చుకునేది ఎవరు అన్నవి తేలితేగానీ ఆ కేంద్రాలు బోర్డుల దశ దాటవు. డీఎం పూర్తిచేసి ఆఫర్లు పక్కపక్కన పెట్టుకుని చూసే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలు కూడా దాదాపు ఇవే. జీతం ఎంత అన్నది ఆ తర్వాత వస్తుంది.